బిడ్డ ఎగిరిపోకుండా: ‘మూవింగ్’ సిరీస్ గురించి ఒక ప్రసంగం

సభకు నమస్కారం.

మానవాతీత శక్తులున్న వీరుడి కథ అనగానే మనందరి కళ్లముందూ ఒకే బొమ్మ మెదులుతుంది. రొమ్ము విరుచుకుని నిలబడ్డ మనిషి, వీపున రెపరెపలాడే వస్త్రం, కింద తలలెత్తి చూస్తున్న జనం. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయే ‘మూవింగ్’ అనే కొరియన్ సిరీస్‌లో కథానాయకుడు హైస్కూలు చివరి ఏడాది చదువుతున్న కుర్రవాడు. పేరు బోంగ్ సోక్. గాలిలో తేలే శక్తి అతడికి పుట్టుకతోనే వచ్చింది. అంతటి శక్తి ఉన్నవాడు బడికి బయలుదేరేముందు చేసే పని ఏమిటంటే, కాళ్లకు ఇసుక సంచులు కట్టుకుని, బరువులు నింపిన సంచీని వీపుకు తగిలించుకోవడం. ఎగరడానికి పుట్టినవాడు ఎగరకుండా ఉండటానికి పడే పాట్లతో ఈ కథ మొదలవుతుంది. ఈ సిరీస్ ప్రేక్షకుల మనసులో ఎందుకు నిలిచిపోయిందన్న ప్రశ్నకు జవాబు ఆ ఇసుక సంచుల్లోనే ఉందని నా నమ్మకం. నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

చూడనివారి కోసం ముందుగా కొన్ని వివరాలు చెబుతాను. కాంగ్ ఫుల్ అనే కలం పేరుతో రాసే కొరియన్ చిత్రకథా రచయిత 2015లో ‘మూవింగ్’ను వెబ్‌టూన్‌గా, అంటే ఫోన్ తెర మీద పైనుంచి కిందికి జరుపుకుంటూ చదివే బొమ్మల కథగా రాశారు. అదే కథను 20 భాగాల సిరీస్‌గా తీసినప్పుడు స్క్రీన్‌ప్లే కూడా ఆయనే రాసుకున్నారు. దర్శకుడు పార్క్ ఇన్ జే. 2023 ఆగస్టు 9న డిస్నీ ప్లస్‌లో మొదటి 7 భాగాలు ఒకేసారి విడుదలయ్యాయి, ఆ తరువాత వారానికి రెండేసి వచ్చాయి, సెప్టెంబరు 20న చివరి మూడూ వచ్చాయి. 2024లో కొరియాలో ఎంతో ప్రతిష్ఠ ఉన్న బేక్‌సాంగ్ పురస్కారాల్లో టెలివిజన్ విభాగపు అత్యున్నత బహుమతి ఈ సిరీస్‌కే దక్కింది. ఉత్తమ రచన బహుమతి కాంగ్ ఫుల్‌కు, ఉత్తమ నూతన నటుడి బహుమతి బోంగ్ సోక్ పాత్ర వేసిన లీ జంగ్ హాకు వచ్చాయి. బహుమతులను బట్టి ఒక కథ విలువను నిర్ణయించేవాణ్ని కాను గానీ, సూపర్‌హీరో కథను పిల్లల సరదాగా పక్కన పెట్టే పెద్దలు ఎక్కడైనా ఉంటారు కాబట్టి, ఈ ఒక్క మాట చెప్పుకోవడం అవసరమనిపించింది.

ఇక ఆ ఇంట్లోకి వెళదాం. బోంగ్ సోక్ తల్లి మి హ్యోన్ ఊరికి దూరంగా ఒక చిన్న భోజనశాల నడుపుతుంది. అక్కడ ప్రధానమైన వంటకం దొన్‌కాసు, అంటే మాంసాన్ని పలచగా సాగగొట్టి, రొట్టె పొడి అద్ది, నూనెలో వేయించే వేపుడు. కొడుకు నిద్రలో కూడా పైకి తేలిపోతాడు. ఆనందం కలిగినా, భయం వేసినా, సిగ్గు ముంచుకొచ్చినా అతడి పాదాలు నేలను వదిలేస్తాయి. అందుకని తల్లి అతడికి కంచం నిండా పెడుతుంది, తిన్నాక మళ్లీ పెడుతుంది, ఎందుకంటే ఒంటి బరువు పెరిగితే నేల మీద నిలబడటం కాస్త సులువవుతుంది. లావుగా, మెత్తగా, ఎప్పుడూ కాస్త బెదురుగా కనిపించే ఆ కుర్రవాడి ఆకారమంతా ఆమె పెట్టిన అన్నమే. ఈ పాత్ర కోసం లీ జంగ్ హా దాదాపు 30 కిలోల బరువు పెరిగారు. సూపర్‌హీరో పాత్ర కోసం నటులు కండలు పెంచడం మనం ఎన్నోసార్లు విన్నాం. ఇక్కడ మాత్రం ఒక నటుడు తల్లి చేతి తిండి తిన్న పిల్లవాడిలా కనిపించడానికి కష్టపడ్డాడు.

కొత్తగా బడిలో చేరిన హీ సూ అనే అమ్మాయి ఎదురుపడినప్పుడు అతడి గుండె వేగం పెరుగుతుంది, మడమలు లేస్తాయి. అప్పుడతడు గణితంలోని పై విలువను, 3.14159 అంటూ, లోలోపల వల్లించడం మొదలుపెడతాడు. అంతులేని ఆ అంకెల మీద ధ్యాస పెడితే మనసు నెమ్మదిస్తుంది, ఒళ్లు కిందికి దిగుతుంది. ప్రేమలో పడ్డ కుర్రవాడు గాల్లో తేలిపోతున్నాడని మన భాషలో మామూలుగా అనేస్తాం. ఆ మాటను ఈ రచయిత ఉన్నదున్నట్టుగా తీసుకుని, నిజంగానే తేలిపోతే ఆ పిల్లవాడు ఏం చేస్తాడు, ఎంత సిగ్గుపడతాడు, ఎవరి కంటా పడకుండా ఎలా నెట్టుకొస్తాడు అని ఓపికగా ఆలోచించాడు. తొలియవ్వనంలో ఒంటిని అదుపు చేసుకోలేక కలిగే ఇబ్బందిని ఇంత సున్నితంగా చూపిన కథలు నాకు ఎక్కువ తారసపడలేదు.

మా అమ్మకు కొరియన్ భాష రాదు, తెర కింద పరుగులు తీసే అక్షరాలు ఆమె కళ్లకు ఆనవు. ఒకరోజు నా పక్కన కూర్చుని, మి హ్యోన్ కొడుకుకు వడ్డిస్తూ అతడి ముఖంలోకే చూస్తున్న దృశ్యం ఒకటి చూసి, “ఆవిడ దేనికో భయపడుతోందిరా” అంది. కథ గురించి నేను ఆమెకు అప్పటికి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. మి హ్యోన్ పాత్ర వేసిన హాన్ హ్యో జూ నటన గొప్పతనం అక్కడుంది. దూరాన గుసగుస కూడా వినగల చెవులు, చీకట్లోనూ చూడగల కళ్లు మి హ్యోన్‌కు ఉన్న శక్తులు. ఆ శక్తులన్నీ ఇప్పుడు ఒకే పనికి ఉపయోగపడుతున్నాయి. బిడ్డ అడుగుల చప్పుడు నేల మీద వినిపిస్తోందా లేదా అని కనిపెట్టుకుని ఉండటానికి.

ఈ కథలో శక్తి ఎవరికీ ఉచితంగా రాలేదు. హీ సూ తండ్రి జాంగ్ జు వోన్‌కు తగిలిన గాయాలు వాటంతటవే మానిపోతాయి, కానీ నొప్పి మాత్రం మనందరికీ తెలిసినట్టే అతడికీ తెలుస్తుంది. ఎంత కొట్టినా చావడు కాబట్టి అతణ్ని కొట్టేవాళ్లకు జాలి ఉండదు, ముందుకు నెట్టేవాళ్లకు వెనుకాడాల్సిన పని ఉండదు. ఈ చిన్న నియమం వల్ల పోరాట దృశ్యాల స్వభావమే మారిపోయింది. అతడు గెలుస్తాడని మనకు తెలిసినా, గెలిచేలోగా ఎంత బాధ పడాలో కూడా తెలుసు కాబట్టి, చూస్తున్నంతసేపూ ఒళ్లు బిగుసుకుపోతుంది. ర్యూ సుంగ్ ర్యోంగ్ ఈ పాత్రలో కోపం కన్నా అలసటనే ఎక్కువగా చూపారు. అదే నన్ను కట్టిపడేసింది.

ఇప్పుడు నిర్మాణం సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ సిరీస్ చేసిన అతి పెద్ద సాహసం అక్కడే ఉంది. మొదటి ఏడు భాగాలు పిల్లల కథ. బోంగ్ సోక్, హీ సూ, వాళ్ల తరగతిలోనే చదివే మితభాషి కాంగ్ హూన్, ముగ్గురూ ఒకరి రహస్యం ఒకరికి మెల్లగా తెలుస్తూ ఉండగా, మనం వాళ్లను ఇష్టపడటం మొదలుపెట్టిన సమయానికి, రచయిత ఉన్నట్టుండి ఆ కథను అక్కడ ఆపేసి, దాదాపు అంతే నిడివి ఉన్న మరో కథలోకి, వాళ్ల తల్లిదండ్రుల యవ్వనంలోకి మనల్ని తీసుకెళతాడు. ఇరవై భాగాల కథలో నాయకానాయికలను ఇన్ని భాగాలపాటు పక్కన పెట్టడం మామూలు తెగింపు కాదు. నేను మొదటిసారి చూసినప్పుడు నిజంగా విసుక్కున్నాను. కానీ రెండు భాగాలు గడిచాక నాకు అర్థమైంది, అంతవరకూ నేను చూసిన ప్రతి చిన్న విషయమూ, ఆ వేపుడు, ఆ ఇసుక సంచులు, తండ్రి అడగకుండా మింగిన ప్రశ్నలు, అన్నీ ఎవరో చెల్లించిన మూల్యమని. పిల్లలు ఎగరాలని మనసులో కోరుకుంటున్న ప్రేక్షకుడికి, ఎగిరినవాళ్లకు ఏమైందో చూపించి, తల్లి భయం సమంజసమేనని ఒప్పించారు. ఆ తరువాత బోంగ్ సోక్ నేలను వదిలిన ప్రతిసారీ మనకు సంతోషంతో పాటు గుబులు కూడా కలుగుతుంది.

ఆ గతంలో రెండు ప్రేమకథలు ఉన్నాయి. మొదటిది మి హ్యోన్‌ది, ఎగరగల గూఢచారి కిమ్ దు షిక్‌ది. ఇద్దరూ దక్షిణ కొరియా గూఢచార సంస్థలో ఉద్యోగులే, అతడి మీద నిఘా పెట్టమని పైఅధికారి ఆమెను పురమాయించడంతో వాళ్ల పరిచయం మొదలవుతుంది. ఆ సంస్థ ఒకప్పుడు సియోల్‌లోని నామ్‌సాన్ కొండ దగ్గర ఉండేది. సైనిక పాలన కాలంలో ఒక మనిషిని నామ్‌సాన్‌కు తీసుకెళ్లారంటే ఇంట్లోవాళ్ల గుండెలు జారిపోయేవి. అదే నామ్‌సాన్ ఈ కథలో ఇద్దరు మనుషులు కలిసి దొన్‌కాసు తిన్న చోటు కూడా. ఏళ్ల తరువాత మి హ్యోన్ తన భోజనశాలకు ఆ కొండ పేరే పెట్టుకుంటుంది. భర్త కనిపించకుండా పోయిన ఇల్లాలు బోర్డు మీద రాయించుకున్న ఆ పేరులో ఎంత నిరీక్షణ ఉందో, ఎవరూ నోరు తెరిచి చెప్పరు.

రెండో ప్రేమకథ నాకు మరింత ఇష్టమైనది. జు వోన్ యవ్వనంలో ఒక ముఠాలో రౌడీ. సొంతవాళ్లే తరిమితే తప్పించుకుని ఒక చౌక లాడ్జిలో తలదాచుకుంటాడు. వీధులను గుర్తు పట్టలేడు, ఎక్కడికి బయలుదేరినా దారి తప్పిపోతాడు. గదిలో కూర్చుని యుద్ధవీరుల నవలలు చదువుతూ ఉంటాడు. జి హీ స్కూటర్ మీద గదులకు కాఫీ తెచ్చి ఇచ్చే అమ్మాయి. ఆ పని చేసే ఆడవాళ్లను ఆ సమాజం ఎంత చిన్నచూపు చూస్తుందో సిరీస్ దాచిపెట్టదు. ఆ అమ్మాయి ముందు ఆ మొరటు మనిషి, తాను చదివే కత్తియుద్ధాల పుస్తకాలు నిజానికి ప్రేమకథలని చెప్పుకుంటాడు. లోకం పనికిరానివారని పక్కన పెట్టిన ఇద్దరు, ఒకరి మాటను ఒకరు శ్రద్ధగా వినడం తప్ప, ఈ భాగంలో పెద్దగా ఏమీ జరగదు. ఆమె అతడికి దారి అయింది. ఆమె చనిపోయినప్పుడు పసిబిడ్డను పెట్టుకుని అతడు ఏడ్చే దృశ్యంలో సంగీతం, కెమెరా, అన్నీ వెనక్కి తగ్గి ఆ నటుణ్ని ఒంటరిగా వదిలేశాయి. ఏ గాయమైనా మానిపోయే మనిషికి మానని దెబ్బ అక్కడ తగిలింది. ఆ విషయాన్ని సంభాషణలో పెట్టకుండా ప్రేక్షకుడికే వదిలేసిన రచయిత సంయమనానికి నేను నమస్కరిస్తాను.

ఇప్పుడు వీళ్లంతా ఏం చేసి బతుకుతున్నారో చూడండి. మి హ్యోన్ వేపుడు భోజనశాల నడుపుతుంది. గూఢచారిగా పనిచేసిన జు వోన్ ఫ్రైడ్ చికెన్ దుకాణం పెట్టుకున్నాడు. కాంగ్ హూన్ తండ్రి జే మాన్‌ది వీధి చివర పచారీ కొట్టు. ఇది రచయిత సరదాకు ఎంచుకున్నది కాదు. 1997 చివర కొరియా ఆర్థిక వ్యవస్థ కుప్పకూలి, అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర అప్పు తీసుకోవలసి వచ్చినప్పుడు, నడివయసులో ఉద్యోగాలు పోయినవాళ్లు ఎందరో చేతిలో ఉన్న కాస్త సొమ్ముతో చికెన్ దుకాణాలు తెరిచారు. ఉద్యోగం పోయిన నాన్న చికెన్ కొట్టు పెట్టడం అక్కడ ఇంటింటికీ తెలిసిన కథ. ఎముకలు విరిగినా లేచి నిలబడే వీరుడు కూడా చివరికి అదే వరుసలో నిలబడి, కోడి ముక్కలు నూనెలో వేస్తూ, వానాకాలంలో బేరాలు తగ్గాయని దిగులుపడుతూ కనిపించినప్పుడు, కొరియన్ ప్రేక్షకుడు తన తండ్రిని చూసుకున్నాడు. వీరుణ్ని కిందికి దించడం ఇందులో లేదు. పొయ్యి దగ్గర నిలబడ్డ ఆ తండ్రిని పైకెత్తడమే ఉంది.

జే మాన్ సంగతి ఇంకా లోతైనది. అతడు బుద్ధిమాంద్యం ఉన్న మనిషి. అపారమైన బలం, వేగం అతడివి. సియోల్ నడిబొడ్డున చియోంగ్‌గ్యేచియోన్ వాగు మీద కట్టిన రహదారిని తొలగించి, వాగును తిరిగి వెలుగులోకి తెచ్చే పని 2003లో మొదలై 2005లో పూర్తయింది. ఈ రోజు అది పర్యాటకులు ఫొటోలు తీసుకునే అందమైన చోటు. దాని కోసం అక్కడ బతుకుతున్న వీధి వ్యాపారులను ఖాళీ చేయించారు, వాళ్లు ఆందోళన చేశారు. జే మాన్ గతాన్ని రచయిత ఆ గొడవ మధ్యలో నిలబెట్టాడు. ఆ రోజు అతడి బలం తన ఇంటివాళ్ల కోసం పోలీసుల మీదికి తిరిగింది, దానికి అతడు జైలుశిక్ష అనుభవించాడు. తండ్రి మీద పడ్డ ఆ ముద్రను చెరిపించాలని కొడుకు కాంగ్ హూన్ ప్రభుత్వానికి తన శక్తిని తాకట్టు పెట్టడానికి సిద్ధపడతాడు. నగరం అందంగా మారినప్పుడు ఎవరి బతుకు చెదిరిందో చూపించడానికి ఒక సూపర్‌హీరో కథను వాడుకోవచ్చని నాకు అంతకుముందు తట్టలేదు.

ఈ కథలో ప్రతినాయకుడు ఎవరన్న ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే దొరుకుతుంది. ప్రపంచాన్ని నాశనం చేస్తానని నవ్వే రాక్షసుడు ఇందులో లేడు. మనిషిలోని ప్రత్యేకతను కనిపెట్టి, వాడుకుని, పిల్లలకు కూడా అదే శక్తి వచ్చిందేమోనని బడి దాకా వెంటబడే యంత్రాంగం ఉంది. పిల్లల తరగతి ఉపాధ్యాయుడే ఆ గూఢచార సంస్థ మనిషి. సరిహద్దు అవతల ఉత్తర కొరియాలోనూ ఇదే యంత్రాంగం ఉంది. అక్కడి నుంచి వచ్చిన శక్తిమంతులు చివరి భాగాల్లో శత్రువులుగా అడుగుపెట్టినా, వాళ్లను కూడా ఇళ్ల నుంచి బలవంతంగా లాక్కొచ్చారని, వాళ్లకూ కన్నవాళ్లు, తోబుట్టువులు ఉన్నారని మనకు చూపించాకే పోరాటం సాగుతుంది. 1950 నుంచి 1953 వరకు జరిగిన యుద్ధం ఇప్పటికీ శాంతి ఒప్పందంతో ముగియని నేల అది. అవతలివాణ్ని మనిషిగా చూపించడం అక్కడ చిన్న విషయం కాదు.

లోపాలు లేవని అనను. చివరి పోరాటం నా లెక్కలో మరీ సాగింది, మూడు భాగాలకు పరచిన రక్తపాతంలో కొంత తగ్గించినా కథకు నష్టం ఉండేది కాదు. అమెరికా నుంచి వచ్చి పాత గూఢచారులను ఒక్కొక్కరినే చంపే ఫ్రాంక్ అనే పాత్ర మూలకథలో లేదు, సిరీస్ కోసం చేర్చారు. అతడి బాల్యం కదిలించినా, అతడు చేసే హత్యల్లోని క్రూరత్వం కొందరు ప్రేక్షకులను మొదట్లోనే దూరం చేసి ఉంటుంది. అలాగే కొత్తగా చేర్చిన జోన్ గ్యే దో పాత్ర మాత్రం నాకు ఎంతో నచ్చింది. ఒంట్లో విద్యుత్తు పుట్టే ఆ మనిషి ఒకప్పుడు పిల్లల వినోద ప్రదర్శనల్లో మెరుపు వీరుడి వేషం వేసేవాడు, ఇప్పుడు బోంగ్ సోక్ రోజూ ఎక్కే బస్సుకు డ్రైవరు. నిజంగా శక్తి ఉన్నవాడు వీరుడి దుస్తులు వేసుకున్నది కూలి కోసం! ఈ సిరీస్‌లో రెపరెపలాడే వస్త్రానికి దొరికిన చోటు అంతే.

మన తెలుగు ఇళ్లలోనూ కొరియన్ సిరీస్‌లు చూసేవారు ఇప్పుడు తక్కువేమీ కాదు. ‘మూవింగ్’ చూసిన మిత్రులను నేను అడిగినప్పుడు, దాదాపు ఎవరూ ఆకాశంలో జరిగిన పోరాటాలతో మొదలుపెట్టలేదు. వాళ్లు చెప్పింది ఆ తల్లి గురించి, ఆ చికెన్ కొట్టు గురించి. తన కొడుకు అందరిలాంటివాడు కాదని తెలిసిన తల్లి, వాణ్ని నలుగురి కంటా పడకుండా కాపాడాలా, వాడిని వాడిలా ఉండనివ్వాలా అని కొట్టుమిట్టాడటం భాష తెలియకపోయినా అర్థమయ్యే విషయమే. ఇతరుల మనసు అర్థం చేసుకోవడం కన్నా పెద్ద శక్తి లేదన్న భావాన్ని మి హ్యోన్ కొడుకుకు చెబుతుంది. మరొక కథలో ఆ మాట నీతిపాఠంలా తేలిపోయేది. ఇక్కడ నిలబడింది, ఎందుకంటే దూరపు గుసగుసలు వినగల మనిషి, కొడుకు పక్క గదిలో మింగుకునే ఏడుపును కూడా వింటూ, విననట్టు ఉండాల్సిన తల్లి, ఆ మాట అంటోంది.

జే మాన్ రోజూ తన కొట్టు ముందు కూర్చుని ఉంటాడు. కొడుకు బడి నుంచి వచ్చే వేళ అతడికి తెలుసు, ఆ దారి తెలుసు, ఆ దారి మీద నుంచి చూపు తిప్పడు. చివరి పోరాటం బడిలోనే జరుగుతుంది. హీ సూ తండ్రి, బోంగ్ సోక్ తల్లి బిడ్డల కోసం అక్కడికి పరుగెత్తుకొస్తారు. జే మాన్ కూడా వస్తాడు. అక్కడ కూడిన గూఢచారుల పేర్లు గానీ, వాళ్లు వెతుకుతున్న రహస్య పత్రాల సంగతి గానీ, రెండు దేశాల పగ గానీ అతడికి పట్టవు. వేళ దాటిపోయింది, కాంగ్ హూన్ ఇంకా ఇంటికి రాలేదు. అందుకని కొట్టు ముందు నుంచి లేచి వచ్చాడు.